నల్లమాడలో బూజు పట్టదు

ఆ రోజు పొద్దున పద్మప్రియ మూడు పనులు పెట్టుకుంది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేయాలి. మొగుడి తెల్లచొక్కాలకు గంజి పెట్టాలి. ఒక శవాన్ని సంపాదించాలి. మొదటి రెండు పనులూ ఎండ ఎక్కకముందే అయిపోయాయి. మూడోదానికి ఎవరిని అడగాలో తేలక ఆమె వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చుంది.

కంగారు పడాల్సిన పనేమీ లేదు. పద్మప్రియ చీమకు కూడా హాని తలపెట్టే మనిషి కాదు. కాకపోతే చదివే మనిషి. పెళ్ళయి నల్లమాడ దగ్గరి ఈ పల్లెకు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఒకే ఒక నవలల వరుసను పట్టుకుని చదువుతోంది. దాని పేరు 'శార్వరి శవపరీక్షలు'. అందులో డాక్టర్ శార్వరి అనే ఆవిడ ఎర్రచీర కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, శవం గోళ్ళ కింద ఉన్న మట్టిని చూసి హంతకుడిది ఏ ఊరో చెప్పేస్తుంది. ఏడాదికో భాగం వస్తుంది, ప్రచురణకర్తలకు హుషారుగా ఉంటే రెండు. ప్రతి భాగం చివరా 'మీ మాట' అని పాఠకుల అభిప్రాయాలు వేస్తారు.

పద్మప్రియ ఒక్క భాగాన్ని కూడా వదలకుండా అభిప్రాయం రాసి పంపింది. పదకొండో భాగంలో విషం రంగు తప్పని రాసింది. పంతొమ్మిదో భాగంలో హంతకుణ్ణి తాను శార్వరి కంటే ముందే పట్టేశానని, ఎట్లా పట్టిందీ వివరంగా రాసింది. విజయవాడ వాళ్ళవి వేశారు, రాజమండ్రి వాళ్ళవి వేశారు, ఆఖరికి 'బాగుంది' అని ఒక్క ముక్క రాసిన దుబాయ్ ఆయనది కూడా వేశారు. ఆమెది మాత్రం ఏనాడూ వేయలేదు. కొత్త భాగం రాగానే ఆమె మొదట చివరి పేజీలు తిప్పి చూసుకుంటుంది, తర్వాత ఉసూరుమంటూ మొదటి పేజీకి వస్తుంది.

ఇంట్లో కూడా ఆమె అభిప్రాయానికి అంతకంటే పెద్ద మర్యాదేమీ లేదు. భర్త ప్రవీణ్‌కు బోలెడంత మెట్ట భూమి, అందులో ఎండిపోయిన బోర్లు, రాబోయే ఎన్నికల్లో సర్పంచి కావాలన్న ఆశ ఉన్నాయి. రోజూ పొద్దున రెండు చొక్కాలు చేత్తో పట్టుకుని ఏది బాగుందని భార్యను అడుగుతాడు. ఆమె ఏది చెబితే రెండోది తొడుక్కుని పోతాడు. మొత్తం మీద పద్మప్రియ దగ్గర అభిప్రాయాలకు లోటు లేదు, వినేవాళ్ళకే కరువు.

ఇట్లా ఉండగా ముప్పయ్యో భాగం వచ్చింది. కథ జరిగే చోటు నల్లమాడ అని మొదటి పేజీలో చూసి ఆమె పొంగిపోయింది. పదో పేజీకి వచ్చేసరికి ఆ పొంగు చల్లారింది. ఇరవయ్యో పేజీకి ఒళ్ళు మండింది. జులై నెలంట, రోజుల తరబడి ముసురంట, వంకలు ఒడ్డులొరసి పారుతున్నాయంట, కొబ్బరితోటల మధ్య పల్లెపిల్ల 'అండీ, అండీ' అంటూ తిరుగుతోందంట. చేనిగట్టు మీద నీలం చీర చుట్టిన శవం దొరుకుతుంది. తడికి ఆ చీరంతా బూజు. శార్వరి ఆ బూజును భూతద్దంలో చూసి, చనిపోయిన రోజు చెప్పేస్తుంది.

నల్లమాడలో జులై ఎట్లా ఉంటుందో ఆ రాసినాయనకు తెలియదు, పద్మప్రియకు తెలుసు. గాలి. పొద్దున లేస్తే గాలి, పడుకునేదాకా గాలి. మబ్బులు వస్తాయి గానీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లాగా ఈ ఊళ్ళో ఆగవు. ఆ ఏడు విత్తడానికి నేలలో పదును లేక శెనక్కాయ విత్తనాల మూటలు ఇంకా నడింట్లోనే ఉన్నాయి. రోజూ వాటిని దాటుకుంటూ వంటింట్లోకి పోయే మనిషికి ముసురని రాసి చూపిస్తే ఎట్లా ఉంటుంది?

ఫోనులో ఆ నవలల అభిమానుల గ్రూపు ఒకటుంది. ఆమె అందులో తన అభిప్రాయం పెట్టింది. ముప్పయ్యో భాగానికి ఒక్క నక్షత్రం, అది కూడా అట్ట మీది బొమ్మ బాగున్నందుకు, నల్లమాడలో జులైలో బూజు పట్టదు అని రాసింది. దానిమీద అందరూ విరుచుకుపడ్డారు. ఈమె ఎప్పుడైనా శవాన్ని చూసిందా అని కాకినాడ ఆయన అడిగాడు. చివరికి రచయితే వచ్చి జవాబు రాశాడు. ఆధారం లేని అభిప్రాయం శార్వరికి గిట్టదన్నాడు. నెలాఖరు ఆదివారం అనంతపురంలో పాఠకుల సభ ఉందని, ఆ సోదరి ఆధారంతో వస్తే ఐదు నిమిషాలు మైకు ఇస్తానని, ఆమె మాటను ముప్పై ఒకటో భాగంలో అచ్చు వేయిస్తానని రాశాడు.

వెటకారానికి రాశాడని అందరికీ అర్థమైంది. పద్మప్రియ మాత్రం దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుంది. ఇన్నేళ్ళకు ఒక దారి దొరికింది. అచ్చులో తన పేరు చూసుకోవాలి, పక్కన తన మాట ఉండాలి. దానికి ఒక శవం కావాలి, అంతే.

టీ గ్లాసు కింద పెట్టి ఆమె గొర్రెల దాసప్పకు ఫోను చేసింది.

"దాసప్పా, నీ మందలో ఏమన్నా చచ్చిందా?"

అవతల గాలి హోరులోంచి దాసప్ప అరిచాడు. "ఏందమ్మా పొద్దున్నే అట్ల అడుగుతాండావు. కడుపుబ్బి ఒగటి పోయినాది. పూడ్సేకి గుంత తీస్తాండా."

"పూడ్చొద్దు. రోడ్డు పక్క మా చేనికాడికి ఎత్తుకోని రా."

"ఏం జేస్తావమ్మా దాన్ని?"

"చీర కడతా."

పెద్దిళ్ళ వాళ్ళ సంగతులు మనకెందుకులే అనుకుని దాసప్ప దాన్ని మోపెడ్ మీద వేసుకుని వచ్చాడు. పెళ్ళిరోజుకు ప్రవీణ్ తెచ్చిన నీలం చీర ఒకటి పద్మప్రియ బీరువాలో ఉంది. ఆ రంగు వద్దని ఆమె షాపులోనే చెప్పింది. ఇప్పుడు దానికి తగిన మనిషి దొరికింది. ఇద్దరూ కలిసి కాళ్ళు మడిచి, తల గట్టు మీదికి వచ్చేట్టు పెట్టి, పుస్తకంలో ఉన్నట్టే చుట్టారు. కుక్కలు రాకుండా చుట్టూ ముళ్ళకంప వేశారు. ఇది గొర్రె అని ఎవరికీ చెప్పొద్దని ఆమె ఒట్టు వేయించుకుంది. చెప్పినా ఎవరూ నమ్మరని దాసప్ప ధైర్యంగా ఒట్టు వేశాడు.

రెండు రోజులు పోయాక అది కదిరమ్మ కంట పడింది. కదిరమ్మ ఆ చేలలో కూలికి పోయి పోయి నడుం వంగిన ముసలామె. ఊళ్ళో పెళ్ళయినా చావయినా ముందు నిలబడేది ఆమే. చీర కప్పి, కంప వేసి, గట్టు మీద పడుకోబెట్టిన ఆకారాన్ని చూసి ఆమె భయపడలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ పల్లెలో పాత అలవాటొకటి ఉంది. వానలు మొహం చాటేస్తే మట్టితో మనిషంత బొమ్మ చేసి, చీర కప్పి, ఊరి బయట చేనిగట్టు మీద పడుకోబెడతారు. దాన్ని కరువుబొమ్మ అంటారు. ఆడవాళ్ళు దాని చుట్టూ కూర్చుని సొంతమనిషి పోయినట్టు ఏడుస్తారు. ఆ ఏడుపుకు పైన మబ్బు కరుగుతుందని నమ్మకం. ఒకసారి ఏడుపు మొదలైందంటే వాన పడేదాకా ఆ బొమ్మను ఎవరూ ముట్టకూడదు. టీవీలు వచ్చాక ఏడవడానికి వేరే కారణాలు దొరికి, ఆ అలవాటు మూలన పడింది.

పెద్దింటి కోడలు ఎవరికీ చెప్పకుండా తనంతట తానే బొమ్మను పడుకోబెట్టిందని కదిరమ్మ అనుకుంది. నేరుగా ఇంటికి వచ్చి పద్మప్రియ రెండు చేతులూ పట్టుకుంది.

"మాకెవురికీ తోచల్యా, నీకు తోచినాది తల్లీ. ఈ పొద్దునించే ఆడోళ్ళందరం వస్తాం. వానొచ్చేదాంకా దాన్ని ఎవురూ ముట్టరు. ముట్టనియ్యను."

అది గొర్రె అని చెప్పడానికి పద్మప్రియ నోరు తెరిచింది. చివరి మాట విని మళ్ళీ మూసుకుంది. కుక్కలు లాగుతాయేమో, పిల్లలు కెలుకుతారేమో అని రెండు రోజులుగా ఆమెకు నిద్ర లేదు. ఇప్పుడు ఊరంతా కాపలాకు వస్తానంటోంది. తప్పు అక్కడే జరిగింది. తర్వాత జరిగినవన్నీ దాని పిల్లలే.

"రేపు తలా బిందెడు నీళ్ళు దానిమింద పోస్తాం తల్లీ," అంది కదిరమ్మ వెళ్ళబోతూ.

పద్మప్రియ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నీళ్ళొద్దవ్వా. చుక్క గూడా పడకూడదు."

"ఎందుకమ్మా? మా యవ్వల కాలం నించీ పోస్తాండారు."

"వద్దని కల్లో చెప్పినారు."

"ఎవురు?"

ఆ క్షణాన పద్మప్రియకు ఏ దేవతా గుర్తుకు రాలేదు. "ఒకామె. ఎర్రచీర కట్టుకోనుండాది. కండ్లద్దాలు పెట్టుకోనుండాది."

కదిరమ్మ ఆలోచనలో పడింది. "గంగమ్మకు కండ్లద్దాలు యాడివి తల్లీ?"

"వయసైతాంది గదవ్వా."

ఈ మాట కదిరమ్మకు సబబుగానే తోచింది. ఆమెకూ పోయినేడే కంటి ఆపరేషన్ అయింది.

ఆ సాయంత్రం నుంచే ఏడుపులు మొదలయ్యాయి. పొద్దు వాలగానే ఆడవాళ్ళు గుంపుగా వచ్చి కంప చుట్టూ కూర్చునేవాళ్ళు. కొందరు కరువు కోసం ఏడ్చారు, కొందరు అత్తల కోసం ఏడ్చారు, మంద తోలుకుని అటుగా వచ్చిన దాసప్ప ఒక్కడే నిజంగా ఆ గొర్రె కోసం ఏడ్చాడు. మందలో ఉన్నన్నాళ్ళూ దానికి ఇంత మర్యాద జరగలేదని అతనికి బాధ కలిగింది. కొంచెం వాసన వస్తోందని ఎవరో అంటే, కరువు చస్తోంది గనక వాసన రాకుండా ఎట్లా ఉంటుందని కదిరమ్మ గదమాయించింది. పద్మప్రియ రోజూ పొద్దున ఎవరూ లేనప్పుడు పోయి చీర అంచు వేళ్ళతో నలిపి చూసేది. ఎండకు, గాలికి అది అప్పడంలా తయారైంది. ఆ ముసలివాళ్ళ కన్నీళ్ళు చూసినప్పుడు ఆమెకు మనసు చివుక్కుమనేది. అప్పుడు కాకినాడ ఆయన మాట గుర్తు తెచ్చుకుని గట్టిపడేది.

విషయం ప్రవీణ్ చెవిన పడింది. నీలం చీర సంగతి విని కోపంగానే చేనికి పోయాడు. అక్కడ ఊళ్ళోని ఓటర్లలో సగం మంది కూర్చుని తన పెళ్ళాన్ని దీవిస్తుంటే చూసి, దారిలోనే కోపం మానుకున్నాడు. మర్నాటికల్లా చేను పక్కన ఫ్లెక్సీ లేచింది. 'కరువుపై కదం తొక్కిన ప్రవీణ్ దంపతులు' అని దాని మీద రాసి ఉంది. ఫోటోలో ప్రవీణ్ పెద్దగా, దంపతుల్లో మిగిలినావిడ చిన్నగా ఉన్నారు.

ఇక దాచకూడదని పద్మప్రియ ఆ పూట అన్నం పెడుతూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఏమప్పా, అది బొమ్మ కాదు. గొర్రె. దాసప్పది. చచ్చిపోతే నేనే చీర కట్టినా."

"నువ్వు గమ్మునుండు," అన్నాడు ప్రవీణ్ ఫోనులోంచి తల ఎత్తకుండా. "ఆదివారం ఆడనే మీటింగు పెడతాండా. మైకు చెప్పినా. ఏం మాట్లాడాలో నేను చూసుకుంటా."

తాను చెప్పింది, ఆయన వినలేదు. ఇందులో కొత్తేమీ లేదు గనక పద్మప్రియ ఇంకో ముద్ద సంగటి పెట్టి ఊరుకుంది.

శనివారం కదిరి బస్సులో పోతున్న ఎవరో కిటికీలోంచి ఈ దృశ్యం చూశారు. చేనిగట్టు మీద నీలం చీర చుట్టిన ఆకారం, చుట్టూ గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్ళు. ఫోటో తీశారు. అది ఊళ్ళు తిరిగి తిరిగి అభిమానుల గ్రూపులోకి వచ్చి పడింది. ముప్పయ్యో భాగంలోని హత్యను నల్లమాడ దగ్గర ఎవడో అచ్చుగుద్దినట్టు చేశాడని కాకినాడ ఆయన ప్రకటించాడు. రచయిత ఫోను ఆ తర్వాత ఆగకుండా మోగుతూనే ఉందట.

ఆదివారం పొద్దున పద్మప్రియ పట్టుచీర కట్టుకుని, కత్తెర సంచిలో వేసుకుని చేనికి బయలుదేరింది. చీర ముక్క ఒకటి కత్తిరించుకుని, అనంతపురం బస్సెక్కి, మైకు ముందు దాన్ని కరకరలాడించి చూపించాలన్నది ఆమె పథకం. తీరా చేను చేరేసరికి అక్కడ కానిస్టేబుల్ గంగాధర్ నిలబడి ఉన్నాడు. అతనికి ఎదురుగా, రెండు చేతులూ చాపి, కంపకు అడ్డంగా కదిరమ్మ నిలబడి ఉంది.

ఫోటో చూసి స్టేషన్ నుంచి గంగాధర్‌ను ముందుగా పంపారు. వచ్చీ రాగానే అతను పనిలోకి దిగిపోయాడు. ఎందుకంటే అతను కూడా శార్వరి పాఠకుడే, ముప్పై భాగాలూ డ్యూటీలోనే చదివాడు.

"ఆడమనిషే మేడం. వయసు నలభైలోపు. వేరేచోట చనిపోతే ఈడికి తెచ్చి పడేసినారు. మోపెడ్ టైరు గుర్తులుండాయి చూడండి," అన్నాడు మట్టిలోకి వేలు చూపిస్తూ. అక్కడికి కొంచెం దూరంగా దాసప్ప మోపెడ్‌ను చెట్టు చాటుకు తోసుకుంటున్నాడు. "అచ్చం ముప్పయ్యో భాగంలో ఉన్నట్లే ఉండాది. చదివినారా?"

"చదివినా. ఒక్క నక్షత్రం ఇచ్చినా."

గంగాధర్ మొహం వాడిపోయింది. "గ్రూపులో నల్లమాడ మేడం మీరేనా? నేను ఐదిచ్చినా. అన్నిట్లోకీ అదే బాగుండాది."

"ఏం బాగుండాది? మన ఊళ్ళో కొబ్బరితోట యాడుండాదో చూపించు."

"కథ గదా మేడం, సర్దుకుపోవాల."

"సర్దుకుపోయేకి నేనేమన్నా దానికి కోడల్నా?"

వాళ్ళిద్దరూ శవాన్ని మరిచిపోయి ఏడో భాగం గొప్పదా, పదిహేనోది గొప్పదా అన్నదాకా వెళ్ళారు. ఈలోగా ప్రవీణ్ మైకు సెట్టుతో, మనుషులతో దిగాడు. చీర విప్పి చూడాలని గంగాధర్ అన్నాడు. వాన పడకుండా ముట్టుకుంటే ఊరికి అరిష్టమని ఆడవాళ్ళు లేచారు. ఊరి మనోభావాలు దెబ్బతింటే ఊరుకోనని ప్రవీణ్ మైకులో హెచ్చరించాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద మూడు కార్లు, ఒక వ్యాను వచ్చి ఆగాయి. అనంతపురం సభకు వచ్చిన పాఠకులంతా సభ మానుకుని ఇక్కడికే వచ్చేశారు. ముందు కారులోంచి బట్టతలాయన దిగి, రుమాలుతో చెమట తుడుచుకుంటూ గట్టు దాకా వచ్చాడు. ఆయనే రచయిత.

"నా పుస్తకం చదివి ఎవరో ఇంత పని చేశారటగా," అన్నాడాయన. "ముప్పై భాగాలు రాశాను. నిజం శవాన్ని ఇప్పటిదాకా చూడలేదండీ."

పద్మప్రియ చుట్టూ చూసింది. ఇప్పుడు నిజం చెబితే మొగుడి ఫ్లెక్సీ నవ్వులపాలవుతుంది, కదిరమ్మ ముందు మొహం ఎత్తుకోలేదు. చెప్పకపోతే తన ఆధారాన్ని పోలీసు వ్యానులో వేసుకుని పోస్ట్‌మార్టంకు తీసుకుపోతారు, ఇన్నేళ్ళ అభిప్రాయాలూ దాంతో పాటే పోతాయి. ఆమెకు భయం వేసింది. అయినా ముందుకు నడిచి, మాట్లాడుతున్న మొగుడి చేతిలోంచి మైకు తీసుకుంది. పెళ్ళయ్యాక ఆయన చేతిలోంచి ఆమె ఏదైనా తీసుకోవడం అదే మొదలు. ఆశ్చర్యంతో ప్రవీణ్ వదిలేశాడు.

"సారూ, నాకు ఐదు నిమిషాలు మైకిస్తానన్నారు. ఇప్పుడు మాట్లాడతాండా. ఇది శవమే గానీ మనిషిది కాదు. దాసప్ప గొర్రె. చచ్చినాక నేనే నా చీర కట్టి పడుకోబెట్టినా. కదిరమ్మవ్వా, నీకు చెప్పకుండా ఏడిపించినా, తప్పు నాదే. నన్ను తర్వాత తిట్టు. సారూ, ఇది జులై. ఇది నల్లమాడ నేల. ఇది మీరు రాసిన నీలం చీరే. బూజు యాడుండాదో చూపించండి."

గంగాధర్ తన నోటుబుక్కులో 'ఆడమనిషి' అన్న మాటను కొట్టేశాడు. పద్మప్రియ కంప పక్కకు లాగి చీర అంచు పట్టుకుని ఎత్తింది. అది విస్తరాకులా గలగలమంది. రచయిత ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. అంచు చూశాడు, మడతలు చూశాడు, జేబులోంచి శార్వరి వాడేలాంటి భూతద్దం తీసి మరీ చూశాడు. చివరికి నడుం ఎత్తి, అందరికీ వినపడేట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఒప్పుకుంటున్నానమ్మా. ఈ విషయంలో మీరే..."

ఆయన బట్టతల మీద టప్పుమని ఒక చుక్క పడింది. ఆయన పైకి చూశాడు. అందరూ పైకి చూశారు. చీరను చూసే హడావిడిలో ఎవరూ ఆకాశాన్ని చూసుకోలేదు. కర్ణాటక వైపు నుంచి వచ్చిన మబ్బు, ఏ కారణం చేతనో, ఆ రోజు వాళ్ళ స్టాపులో ఆగింది. రెండో చుక్క మైకు మీద పడి అది గుర్రుమని ఆగిపోయింది. ఆ తర్వాత చుక్కలను లెక్కపెట్టే అవసరం లేకపోయింది.

కదిరమ్మ వానలో తడుస్తూ వచ్చి పద్మప్రియ మొహాన్ని రెండు అరచేతుల్లో పట్టుకుంది. ఎంత తిడుతుందోనని ఈమె కళ్ళు మూసుకుంది.

"మనిషైతే ఏంది, గొర్రైతే ఏంది తల్లీ. మనం ఏడిస్తే ఇనినాది."

ఆడవాళ్ళంతా చేతులు పట్టుకుని గొర్రె చుట్టూ ఆడారు. ప్రవీణ్‌ను అతని మనుషులు భుజాల మీదికి ఎత్తుకున్నారు. పద్మప్రియ మాత్రం వానలో నిలబడి రచయిత దగ్గరికి పోయి, ఇందాక ఏదో అంటున్నారు, పూర్తి చేయండి అని అడిగింది. ఆయన రుమాలు నెత్తిన వేసుకుని, నవ్వు ఆపుకుంటూ, "ఇదీ జులై వానేనమ్మా," అన్నాడు.

ఆ వాన ఆగలేదు. ముసురు పట్టింది. వంక పొంగి రోడ్డు మునిగింది, రచయిత కారు కదల్లేదు. పెద్దింట్లోనే మకాం పెట్టి, పొద్దున్నే వరండాలో కూర్చుని ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నంజుకుంటూ, ఒడ్డులొరసి పారే వంకను తృప్తిగా చూశాడు. ఆయన ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం లేదు. పద్మప్రియ బజ్జీల్లో కారం పెంచి ఊరుకుంది. నడింట్లో మూటలన్నీ చేలకు పోయాయి, అందరూ విత్తుతున్నారు, ఆమెకు సంతోషంగానే ఉంది. ఏడుపు కూడా వస్తోంది. ఒకే ముసురుకు రెండూ రావడం ఆమెకు అంతకుముందు తెలియదు.

వాన వెలిసేదాకా గొర్రెను ముట్టకూడదని కదిరమ్మ కట్టడి చేసింది. తెరిపిచ్చిన రోజున పూడ్చడానికి అందరూ చేనికి పోయారు. గంగాధర్ వంగి చూసి, బాధపడుతున్నట్టు మొహం పెట్టి, "మేడం, బూజు," అన్నాడు.

పద్మప్రియ దగ్గరికి పోయి చూసింది. చీరంతా తెల్లగా, మెత్తగా, ముప్పయ్యో భాగంలో రాసినట్టే ఉంది. ఆమెకు కోపం వచ్చింది గానీ అబద్ధం రాలేదు. ఎన్ని అభిప్రాయాలున్నా ఆమె నిజాయితీ గల పాఠకురాలు. ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీలు రాసింది. మూడున్నర పేజీల్లో కొబ్బరితోటల్ని, పల్లెపిల్ల భాషను, వానలు లేని మిగతా జులైలన్నిటినీ ఏకిపారేసి, మిగిలిన అరపేజీలో ఈ ఒక్కసారికి ఓడిపోయానని ఒప్పుకుని పంపింది.

ముప్పై ఒకటో భాగం మరుసటి ఏడు జులైలో వచ్చింది. ఆమె ఎప్పట్లాగే మొదట చివరి పేజీలు తిప్పింది. ఈసారి పేరుంది. పద్మప్రియ, నల్లమాడ. ఆమె నాలుగు పేజీల్లోంచి వాళ్ళు వేసింది రెండే వాక్యాలు. 'నల్లమాడలో జులైలో బూజు పడుతుంది. కళ్ళారా చూశాను.' ప్రవీణ్ ఇప్పుడు సర్పంచి. పుస్తకం తీసుకుని చదివి, పెళ్ళయిన తర్వాత మొదటిసారిగా ఆమె అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నానన్నాడు.

పద్మప్రియ పుస్తకం మూసి బయటికి చూసింది. గాలి హోరుమంటోంది. మబ్బులు ఆగకుండా కడప వైపు పోతున్నాయి. నడింట్లో మళ్ళీ విత్తనాల మూటలున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత అచ్చయిన తన ఒక్క మాటా తప్పని లోకానికి చెప్పాలంటే ముందు ఆధారం కావాలి. ఆమె వరండాలోకి వచ్చి, ఫోను తీసి దాసప్ప నంబరు నొక్కింది.

మేత చేలో ఉన్న దాసప్ప, ఫోను మీద ఆ పేరు చూసి, ఎత్తకముందే మందను ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.